యాసిడ్ పోసిన తాండూరు బండలు, మాట్లాడని అత్తమ్మ

మిర్యాలగూడ దగ్గరి ఒక ఊరి నుంచి, పేరు వేయొద్దంటూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. విషయం క్లుప్తంగా ఇది.

ఆమె మామయ్య 1989లో ఇల్లు కట్టారు. తాండూరు దాకా వెళ్లి, బండలు స్వయంగా ఏరి, లారీలో తెచ్చి హాలు, వంటిల్లు, వరండా అంతా పరిపించారు. రెండేళ్ల కిందట ఆయన పోయారు. ఐదు వారాల్లో మరిది లగ్గం. ఇల్లంతా శుభ్రం చేద్దామని ఈమె ఫోన్‌లో ఒక వీడియో చూసి, బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి హాల్లో పోశారు. బుస్సుమని నురగ వచ్చింది. కడిగి చూస్తే తలుపంత మేర బండ తెల్లగా, గరుకుగా తేలింది. ఆ తెలుపు పోతుందేమోనని దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లారు. ఘాటుకు దగ్గు ఆగక అందరూ బయటికి పరుగెత్తారు. మర్నాడు కొబ్బరినూనె రాస్తే తెలుపు కనబడలేదు గానీ, వారానికల్లా దుమ్ము పట్టి నల్లగా అయింది. ముసురు పట్టిన రోజు అక్కడే చెమ్మగా ఉంటోందట. పూజగదిలో పాలరాయి మీద పడిన పసుపును సబ్బుతో రుద్దితే ఎర్రబడింది. వంటింట్లో సిలిండర్ కింద తుప్పు గుండ్రం, పొయ్యి పక్కన గట్టు మీద నూనె నలుపు ఉండనే ఉన్నాయి.

భర్త "పైన టైల్స్ వేయిద్దాం, ఒక్కరోజు పని" అంటున్నారు. అత్తమ్మ మాత్రం "మీ మామ ఏరి తెచ్చిన బండలు బిడ్డా, నేను పోయినంక ఏమన్న చేసుకోండ్రి" అని ఒక్క మాట అని, అప్పటి నుంచి హాల్లోకి రావడం మానేశారు. అన్నం కూడా వంటింట్లోనే తింటున్నారు. "మరకలు పోవాలంటే ఏం చేయాలి? ఎవరి మాట వినాలి? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని ఈమె అడుగుతున్నారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట ఒంటి సంగతి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. మీ ఇంట్లో ఎవరికైనా ఇంకా దగ్గు, ఆయాసం ఉంటే డాక్టరుకు చూపించండి, ఏమేం కలిపారో దాచకుండా చెప్పండి. మిగిలిన యాసిడ్ సీసాను పిల్లలకు అందని చోట పెట్టండి. ఇక ఆ సీసాతో హాల్లో మనకు పని లేదు.

ఇప్పుడు బండల సంగతి. మీరు అన్నిటినీ "మరకలు" అన్నారు. మీ ఇంట్లో ఉన్నవి అన్నీ మరకలు కావు, చిక్కంతా అక్కడే ఉంది. తాండూరు బండ సున్నపురాయి. షాబాదు బండ, కడప బండ కూడా అదే జాతి. మీకు ఈ రాయి కొత్తదేమీ కాదు, వాడపల్లి, హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది దీని కోసమే. పూజగదిలో పాలరాయిదీ అదే పదార్థం, కాల్షియం కార్బొనేట్. దాని మీద యాసిడ్ పడితే రాయే కరుగుతుంది. మీరు చూసిన నురగ మురికి పొంగడం కాదు, రాయి కరుగుతూ వదిలిన గాలి. అంటే ఆ తెల్లటి చోట కొత్తగా అంటుకున్నది ఏమీ లేదు, ఉన్న నునుపు పోయింది. లేనిదాన్ని కడిగి పోగొట్టలేం కదా. అందుకే మీరు ఎంత రుద్దినా పని కాలేదు.

మరి ముసురు రోజున చెమ్మ ఎందుకు? యాసిడ్, సున్నపురాయి కలిసినప్పుడు కాల్షియం క్లోరైడ్ అనే ఉప్పు మిగులుతుంది. అది గాలిలో తేమను లాగి పట్టుకుంటుంది. మీరు ఒకసారి కడిగి వదిలేశారు, ఆ ఉప్పు బండ రంధ్రాల్లో, సందుల్లో ఉండిపోయింది. కింద నీళ్ల పైపు పగిలిందేమోనని మీవారు అనుమానిస్తున్నారని రాశారు. ముందు మామూలు నీళ్లు పోసి, తుడిచి ఎత్తేయడం రోజుకోసారి నాలుగైదు రోజులు చేసి చూడండి. మొదటి రోజు బకెట్ నీళ్లలో గుప్పెడు వంటసోడా వేస్తే యాసిడ్ ఛాయలేమన్నా ఉంటే విరిగిపోతాయి. ఆ తర్వాత కూడా చెమ్మ వస్తుంటే అప్పుడు ప్లంబర్‌ను పిలవచ్చు.

ఇంట్లో ఏది మరక, ఏది దెబ్బ అని తేల్చుకోవడానికి ఒక చెంబు నీళ్లు చాలు. అనుమానం ఉన్న చోట నీళ్లు పోయండి. తడిగా ఉన్నప్పుడు మచ్చ కనబడకుండా పోయి, ఆరాక మళ్లీ తేలితే అది పైపొర దెబ్బ. తడిలో కూడా నల్లగానే కనబడితే రాయి లోపలికి ఏదో ఇంకింది. దెబ్బకు అరగదీయడం మందు, ఇంకినదానికి పీల్చడం మందు. రెండూ ఒకే చోట ఉంటే ముందు పీల్చాలి, తర్వాత అరగదీయాలి. మీ హాల్లో ఇప్పుడున్నది సరిగ్గా అదే, దెబ్బ మీద కొబ్బరినూనె.

నూనెను పీల్చే పద్ధతి పాతదే, ఖర్చు పెద్దగా లేదు. ముల్తానీ మట్టిగానీ, వాసన లేని టాల్కం పౌడర్‌గానీ తీసుకోండి. దాంట్లో వంటసోడా, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, నీళ్లు వేసి ఊతప్పం పిండిలా గట్టిగా కలపండి. మచ్చ మీద, దాని చుట్టూ ఇంకో రెండు వేళ్ల మేర, ఊతప్పం మందాన పరచండి. పైన ప్లాస్టిక్ కవర్ కప్పి అంచులకు టేపు వేసి ఒక రోజంతా వదిలేయండి. తర్వాత చాలామంది తప్పు చేస్తారు. కవర్ తీయగానే గీకేస్తారు. వద్దు. కవర్ తీసి ఇంకో రోజు దాన్ని అలాగే పూర్తిగా ఎండనివ్వాలి. ఎండుతున్నప్పుడే అది రాయిలోని నూనెను పైకి లాక్కుంటుంది. బాగా ఎండి పెచ్చులు లేచాక చెక్క గరిటెతో తీసి, నీళ్లతో తుడవండి. ఒక్కసారికి సగం తగ్గితే సంతోషించండి. మూడు నాలుగుసార్లు చేయాల్సి రావచ్చు. మొండి నూనెకు నీళ్ల బదులు అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) కలుపుతారు, అది ఇట్టే మండుతుంది కాబట్టి వంటిల్లు పక్కనే ఉన్న మీ హాల్లో నేనైతే సాహసించను. చేసేటట్టయితే పొయ్యి, దీపం ఆర్పి, కిటికీలన్నీ తెరిచి చేయాలి. ఏది చేసినా ముందు బీరువా వెనక ఒక మూల ప్రయోగించి చూడండి. వీడియో చూసి నేరుగా హాలు నడిమధ్య మొదలుపెట్టారు చూడండి, నాకు బాధ అనిపించింది అక్కడే.

నూనె తగ్గాక గరుకు సంగతి. దీనికి మీకు మూడు దారులున్నాయి.

మొదటిది చేత్తో అరగదీయడం. హార్డ్‌వేర్ షాపులో నీళ్లతో రుద్దే ఎమరీ కాగితం దొరుకుతుంది. 220 నంబరుతో మొదలుపెట్టి 400, 600 దాకా పోవాలి. చదును చెక్కకు చుట్టి, నీళ్లు పోస్తూ, గుండ్రంగా రుద్దుతూ మచ్చ అంచు దాటి బయటికి పోవాలి, లేకపోతే అక్కడొక గీత కనబడుతుంది. మీ బండలు అద్దంలా మెరిసేవి కావు, పాతకాలపు మామూలు నునుపు ఉన్నవి అని రాశారు కాబట్టి ఇది బాగానే కలిసిపోతుంది. అయితే తలుపంత మేర అంటే ఇద్దరు మనుషులకు రెండు మూడు రోజుల నడుము నొప్పి. పూర్తిగా పాతదానిలా కాదు. నిలబడి చూస్తే తెలియదు, కూర్చుని చూస్తే తెలుస్తుంది.

రెండోది పాలిష్ మిషన్. హాలంతా ఒక తీరుగా వస్తుంది, దెబ్బ పోతుంది. కానీ ఆ ఒక్క చోటే చేయించొద్దు, అక్కడ పల్లంగా, మెరుపుగా వేరే అతుకులా కనబడుతుంది. చేయిస్తే గది మొత్తం చేయించాలి. చేయిస్తే ఇంకొన్ని సంగతులు తెలిసి ఉండాలి. 1989 నాటి బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, మిషన్ ముందు మిట్టలను కోసుకుంటూ పోతుంది, కాబట్టి పై రంగు అక్కడక్కడ మారుతుంది. బురద నీళ్లు గోడల మీద అడుగు ఎత్తు దాకా చిమ్ముతాయి. చివర్లో కొందరు ఆక్సాలిక్ యాసిడ్ పొడి వాడతారు, అది కడుపులోకి పోతే విషం, పిల్లల్ని ఆ రోజు ఇంట్లో ఉంచొద్దు. ముందు ఒక బండ మీద చేసి చూపించమనండి. చూపించనన్న మేస్త్రీని వద్దనుకోండి. పాలిష్ అయ్యాక సీలర్, అంటే రాయి రంధ్రాలను మూసే పూత, కొట్టమంటారు. అది నూనె తొందరగా ఇంకకుండా కాస్త ఆపుతుంది గానీ యాసిడ్‌ను, నిమ్మరసాన్ని ఆపదు. ఆపుతుందని అమ్మేవాళ్లు చెబితే నమ్మొద్దు.

మూడోది మీవారు అన్న టైల్స్. ఆయన మీద నాకు కోపం లేదు, అమ్మాయి వాళ్ల చుట్టాల ముందు చిన్నతనం అవుతుందేమోనని ఆయన భయం. కానీ "ఒక్కరోజు పని" మాత్రం కాదు. నూనె తాగిన నున్నటి బండకు టైల్ గమ్ పట్టదు, కొన్నాళ్లకు నడుస్తుంటే కింద డొల్లగా మోగుతుంది. అందుకే ముందు బండలను ఉలితో గాట్లు పెడతారు. గమ్, టైల్ కలిసి నేల అర అంగుళం పైనే లేస్తుంది, తలుపులన్నీ కింద కోయాలి, గడపలు పొట్టివవుతాయి, వంటింటికీ హాలుకూ మధ్య మెట్టు పడుతుంది. ఆ వయసులో మీ అత్తమ్మ కాలు తగిలేది ఆ మెట్టుకే. అన్నిటికంటే ముఖ్యం, గాట్లు పెట్టాక వెనక్కి పోలేరు. మిగతా రెండు దారుల్లో తప్పు జరిగితే మూడోదానికి పోవచ్చు, మూడోదాంట్లోంచి మొదటిదానికి రాలేరు. ఐదు వారాల తొందరలో తీసుకోవాల్సిన నిర్ణయం ఇది కాదని నా ఉద్దేశం.

నాలుగో దారి కూడా ఉంది, ఎవరూ చెప్పరు. నూనె తీసేసి, ఉప్పు కడిగేసి, ఆ తెలుపును అలాగే వదిలేయడం. పెళ్లిలో దాని మీద జంపఖానా పడుతుంది. చుట్టాలు అన్నం ఎట్లుందో చూస్తారు, బండ ఎట్లుందో చూడరు. ఏళ్లు గడిచేకొద్దీ కాళ్లు తిరిగి తిరిగి అది కొంత నునుపెక్కుతుంది కూడా.

మిగతా చోట్లు త్వరగా చెబుతాను. పూజగదిలో ఎరుపు చూసి కంగారు పడొద్దు. పసుపులో సున్నం కలిపి హారతి నీళ్లు చేస్తాం కదా, అవి ఎర్రబడేది ఎందుకో ఇదీ అందుకే. సున్నంలాగే సబ్బు కూడా క్షారం. మామూలు నీళ్లతో సబ్బంతా పోయేలా తుడిస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. ఎండ తగిలితే పసుపు తనంతట తానే వెలిసిపోతుంది, కానీ పూజగదికి ఎండ రాదు. తెల్ల పాలరాయి కాబట్టి మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది తడిపి, మరక మీద పెట్టి కవర్ కప్పి కొన్ని గంటలు ఉంచండి. దాన్ని వేరే దేనితోనూ కలపొద్దు. ముదురు రంగు బండల మీద వాడొద్దు, రంగు పాలిపోతుంది. కుంకుమ మరక పసుపంత సులువుగా లొంగదు, ఈ రోజుల్లో బజారు కుంకుమలో రంగులు ఎక్కువ.

పూజగదిలో "దీపాల కుదుళ్ల చుట్టూ తెల్లటి గుండ్రాలు, ఫ్లోరైడ్ నీళ్ల వల్లే" అని రాశారు. నల్లగొండ జిల్లాలో దేనికైనా ఫ్లోరైడ్ పేరే ముందొస్తుంది, పాపం అనుభవం అలాంటిది. కానీ ఫ్లోరైడ్ కంటికి కనబడదు. కుళాయి దగ్గర పేరుకునే తెల్ల పొర బోరు నీళ్లలోని సున్నపు ఉప్పులది. దీపాల చుట్టూ ఉన్నవి నాకు వేరేగా తోస్తున్నాయి. ఇత్తడి దీపాలను చింతపండుతో తోమి, సరిగా కడగకుండా తెచ్చి పాలరాయి మీద పెడుతున్నారా? చింతపండు పులుసు కూడా యాసిడే. శుక్రవారం గడప మీద కోసి పెట్టే నిమ్మకాయ కూడా అంతే, మీ గడప పక్కన బండ మీద జోడు గుండ్రాలున్నాయేమో చూడండి. దీపాల కింద ఇత్తడి పళ్లెం, నిమ్మకాయల కింద తమలపాకు పెడితే సరిపోతుంది. కుళాయి దగ్గర పొరను మాత్రం యాసిడ్‌తో తీయబోవద్దు. ఆ పొరా సున్నమే, కింద బండా సున్నమే, యాసిడ్‌కు రెండిటికీ తేడా తెలియదు. ప్లాస్టిక్ గీకుడుతో మెల్లగా గీకడమే.

వంటగట్టు గ్రానైట్ అన్నారు. నల్లగా ఉన్నదల్లా గ్రానైట్ కాదు, ఆ కాలంలో చాలా ఇళ్లలో కడప బండ వేశారు. కనబడని మూల ఒక నిమ్మచుక్క వేసి ఐదు నిమిషాలకు తుడవండి. మెరుపు తగ్గితే అది సున్నపురాయి, హాలు బండల జాగ్రత్తలే దానికీ. ఏమీ కాకపోతే గ్రానైటే. ఏదైనా సరే, పొయ్యి పక్క నూనెకు పైన చెప్పిన పీల్చే పిండే మందు. స్టీలు పీచు వాడొద్దు, దాని తునకలు ఇరుక్కుని కొత్త తుప్పు పెడతాయి. సిలిండర్ కింద తుప్పును నేనైతే వదిలేస్తాను. తుప్పు తీసే మందుల్లో చాలావాటిలో యాసిడే ఉంటుంది, పైగా ఆ గుండ్రం మీద ఎప్పుడూ సిలిండరే ఉంటుంది. సిలిండర్‌కు ఒక చక్రాల స్టాండు కొనండి, ఆ గుండ్రం ఇంకా పెద్దది కాకుండా ఉంటుంది.

ఇక అత్తమ్మ. మీ ఉత్తరంలో ఒక వాక్యం మధ్యలో ఊరికే వచ్చి పోయింది. "కిటికీ కింద మామయ్య గోడకు ఆనుకుని కూర్చుని కాళ్లకు నూనె రాసుకునే చోట ఎన్నేళ్లదో జిడ్డు, అక్కడే యాసిడ్ ఎక్కువ పోశాను" అని రాశారు. నేను తప్పుగా ఊహిస్తూ ఉండొచ్చు. కానీ ఆమె హాల్లోకి రాకపోవడానికి కారణం ఆ తెల్లమచ్చ కాదేమో, అక్కడ ఇంతకుముందున్న నల్లమచ్చేమో. మీకు అది జిడ్డు. ముప్పై ఏళ్లకు పైగా సాయంత్రం పూట ఆ చోటును చూసిన మనిషికి అది జిడ్డు కాకపోవచ్చు. మీరు తెలిసి చేయలేదు, ఆమె చెప్పలేదు, ఇందులో ఎవరూ దోషులు కారు. అయినా పోయింది పోయింది.

మీరు ఇప్పటికి ఆమెకు మూడుసార్లు వివరణ ఇచ్చారు, వీడియోలో అలా చెప్పారు, బాగవుతుందనుకున్నాను, పెళ్లి ఉంది కదా అని. నాలుగోసారి వద్దు. ఆమె వంటింట్లో తింటుంటే మీరూ పళ్లెం తెచ్చుకుని పక్కన కూర్చుని, "అత్తమ్మా, మామయ్య కూర్చునే జాగ అని నాకు తట్టలేదు" అని ఒక్క మాట అనండి. ఆమె ఏడవచ్చు, తిట్టొచ్చు, లేచి పోవచ్చు. మాట్లాడితే మాత్రం ఇంకోటి అడగండి, ఈ బండలను ఆయన ఎట్లా ఏరారు, మీరు ఇన్నేళ్లు దేంతో కడిగారు అని. ఒక బండ కూడా ముట్టుకోకముందే ఆమెతో కలిసి ఇల్లంతా తిరిగి, ఏది తీయాలో ఏది ఉంచాలో అడగండి. ఉంచమన్నది మీ కంటికి ఎంత అసహ్యంగా ఉన్నా ఉంచండి. ఆమె "నాకేం తెలుసు, మీ ఇష్టం" అని తోసేస్తే ఆ మాటను అనుమతిగా తీసుకోవద్దు, పెళ్లయ్యాక మళ్లీ అడగండి.

మీవారితో మాట వేరే. ఆయనకు బండల జ్ఞాపకాల గురించి చెప్పి లాభం లేదు, ఆయనకూ అవి తండ్రి బండలే, బహుశా అందుకే కప్పేయాలంటున్నారేమో, అది మీకే తెలియాలి. తలుపులు కోయడం, గడప, మెట్టు, వెనక్కి రాలేకపోవడం, ఈ లెక్క చెప్పండి. "టైల్స్ వద్దు" అనకండి, "పెళ్లయ్యాక చూద్దాం" అనండి. ఆ మాటకు ఇద్దరూ ఒప్పుకునే అవకాశం ఉంది.

ఎవరి మాట వినాలి అని అడిగారు. బండల విషయంలో నా మొగ్గు నూనె తీసి, చేత్తో అరగదీయడం వైపే. మీకు నడుము నొప్పి ఉందనో, మనుషులు దొరకరనో అనుకుంటే నాలుగో దారి. మిషన్ పెట్టించాలంటే అత్తమ్మ ఒప్పుకున్నాకే, అది కూడా ఇంటికి సున్నాలు వేసే ముందే, ఎందుకంటే బురద చిమ్మేది గోడలకే. సున్నాలు వేసేటప్పుడు కింద పాత చీరలు పరవండి, చుక్క పడితే తడిగా ఉన్నప్పుడే తుడవండి. పీల్చే పిండి ఒక్కో విడతకు రెండు మూడు రోజులు, నాలుగు విడతలంటే ఎనిమిది నుంచి పన్నెండు రోజులు, అరగదీయడానికి ఇంకో మూడు. ఈ వారం మొదలుపెడితే తొందర పడకుండా అయిపోతుంది.

పూజగది పసుపును మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. పెళ్లింట్లో పసుపు దంచుతారు, మైలపోలు తీస్తారు, మీ మరిదికి నలుగు పెట్టి నీళ్లు పోస్తారు. ఇల్లంతా మళ్లీ పసుపే. ఆ హడావిడి అంతా అయ్యాక ఒకేసారి చూసుకోండి. పీటల కింద మాత్రం మందపాటి ప్లాస్టిక్ షీటు వేయండి. పెళ్లి మర్నాడు ఇల్లు కడగడానికి వచ్చే మనిషికి ముందే చెప్పి పెట్టండి, బకెట్‌లో యాసిడ్ చుక్క కూడా కలపొద్దని.